కాగితానికి రెండు చివరలా ఒకే పేరు

రైతు ఉత్పత్తిదారుల సంస్థలు, అదే మనం ఎఫ్‌పీఓలు అంటున్నవి, ఊళ్లలోకి వచ్చాక వాటి వెంట కంపెనీల భాష కూడా వచ్చింది. వేల్యూ చెయిన్, బిజినెస్ ప్లాన్, బ్రేక్ ఈవెన్ అంటూ డైరెక్టర్లుగా ఎన్నికైన రైతులు శిక్షణలకు పోయి లావుపాటి ఫైళ్లతో తిరిగొస్తున్నారు. ఈ భాషలోదే ఒక పటం ఉంది. దాని పేరు సైపాక్. అయిదు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపి పెట్టిన పేరు. కాగితాన్ని అయిదు నిలువు గడులు చేస్తారు. ఎడమ నుంచి కుడికి వరుస ఇది: సరుకు ఇచ్చేవాళ్లు, వాళ్ల నుంచి లోపలికి వచ్చేవి, జరిగే పని, ఆ పనిలోంచి బయటికి వచ్చేవి, వాటిని తీసుకునేవాళ్లు. ఏ వ్యాపారాన్నయినా ఈ అయిదు గడుల్లో పెట్టి ఒక్క చూపులో చూడొచ్చని దీని వెనకున్న ఆలోచన.

ఇది పొలంలో పుట్టింది కాదు. 1980ల్లో ఫ్యాక్టరీల్లో నాణ్యత పేరుతో వచ్చిన పద్ధతుల్లోది. 1986లో మోటరోలా కంపెనీ మొదలుపెట్టిన సిక్స్ సిగ్మాలో చేరి ప్రపంచమంతా తిరిగింది. ఇప్పుడు మన పత్తిచేల దాకా వచ్చింది.

ఇలాంటివాటిని మన సంఘంలో కొందరు చూసీ చూడగానే పక్కన పడేస్తారు. కంపెనీ చదువు మనకెందుకు, మనది గిట్టుబాటు ధర పోరాటం అంటారు. ఎఫ్‌పీఓల్లో తిరిగే మరికొందరు గడులు నింపడమే వ్యవసాయాన్ని బాగుచెయ్యడం అనుకుంటారు. నా అభిప్రాయంలో ఈ కాగితం పనికొచ్చేదే. కాకపోతే శిక్షణలో చెప్పినట్టు కాకుండా, ఊళ్లో ఉన్నదున్నట్టు పేర్లు పెట్టి నింపాలి. ‘ఇన్‌పుట్ డీలరు’ అని రాస్తే ఏమీ తెలియదు. ఆ డీలరు ఎవరో పేరు రాస్తే చాలా తెలుస్తుంది.

ముందు ఒక జిన్నింగు మిల్లు యజమాని ఈ కాగితాన్ని ఎలా నింపుతాడో చూద్దాం. మొదటి గడిలో మనం ఉంటాం, ఊరూరా తిరిగి కొనుక్కొచ్చే చిల్లర వ్యాపారి ఉంటాడు. రెండో గడిలో పత్తి, కరెంటు, హమాలీల శ్రమ. మూడో గడిలో ఆరబెట్టడం, గింజ తీయడం, బేళ్లు కట్టడం. నాలుగో గడిలో 170 కిలోల దూది బేళ్లు, గింజలు, కాస్త చెత్త. అయిదో గడిలో నూలు మిల్లులు, నూనె మిల్లులు. గడులు నిండాక అసలు పని మొదలవుతుంది. లోపలికి వచ్చే ప్రతిదానికీ మిల్లు ఒక షరతు రాసుకుంటుంది. తేమ ఎంత, పింజ పొడవు ఎంత, ఆకూ కాయముక్కా ఎంతవరకు ఓర్చుకోవచ్చు అని. షరతు తప్పితే ధర కోస్తుంది, లేదంటే బండిని వెనక్కి పంపుతుంది. తీసుకునేవాడు షరతు పెడతాడు, ఇచ్చేవాడు దానికి లోబడతాడు. ఈ కాగితమంతా నిలబడి ఉన్నది ఆ సూత్రం మీదే.

ఇప్పుడు అదే కాగితాన్ని పత్తి రైతు పేరున నింపండి. కుడివైపు, అమ్మేచోట, సూత్రం తు.చ. తప్పకుండా అమలవుతుంది. తీసుకునేవాడి షరతులకు మనం లోబడుతున్నాం. ఎడమవైపు మనం తీసుకునేవాళ్లం కాబట్టి షరతు మనది కావాలి. విత్తనం ఇంత శాతం మొలవాలి, లేకపోతే వెనక్కి తీసుకోవాలి అని మనం పెట్టిన షరతుకు లోబడే దుకాణం ఎక్కడైనా ఉందా? యూరియా బస్తా అడిగితే అడగని గుళికలో జింకో జతచేసి అంటగట్టడం మనకు కొత్తా? కొనేచోట కొనేవాడి హక్కులు లేవు, అమ్మేచోట అమ్మేవాడి బాధ్యతలు మాత్రం అన్నీ ఉన్నాయి.

కొనే ధరా వాళ్లదే, అమ్మే ధరా వాళ్లదే అనే మాట మన సభల్లో వందసార్లు విన్నాం. ఈ కాగితం దానికంటే ఒక అడుగు ముందుకు తీసుకుపోతుంది. అయితే గడులు ఒక్కొక్కటీ నిజాయితీగా నింపుకుంటూ పోవాలి.

ఎడమ గడిలో ముందుగా విత్తనం. ఒకప్పుడు 450 గ్రాముల బీటీ పత్తి విత్తనం ప్యాకెట్టు 1,600 రూపాయలకు పైన అమ్మిన సంగతి పాత కార్యకర్తలకు గుర్తుంటుంది. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నిరోధక కమిషన్ ముందుకు వెళ్లింది. ఆ తర్వాత ప్యాకెట్టు 750 రూపాయలకు దిగింది. 2015లో కేంద్రం పత్తి విత్తన ధరల నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. దాని ప్రకారం 2025-26కు బీజీ-2 ప్యాకెట్టు గరిష్ఠ ధర 901 రూపాయలు. అంటే ఎడమ గడిలో ఉన్నవాడి ధరను కూడా దించవచ్చని మన దగ్గరే ఒకసారి రుజువైంది. అది ఏ శిక్షణలోనూ చెప్పకపోతే మనం చెప్పాలి.

ఇంకో సంగతి. రైతు పంట అమ్ముకుని లాభం చేసుకుంటాడు కాబట్టి వినియోగదారుడు కాడని విత్తన సంస్థలు కోర్టుల్లో చాలాకాలం వాదించాయి. ఆంధ్రప్రదేశ్ రైతులకూ జాతీయ విత్తన సంస్థకూ నడిచిన కేసులో 2012లో సుప్రీంకోర్టు ఆ వాదాన్ని కొట్టేసింది. నాసిరకం విత్తనంతో నష్టపోయిన రైతు వినియోగదారుల రక్షణ చట్టం కింద ఫిర్యాదు చేసుకోవచ్చని తేల్చింది. తీసుకునేవాడి హక్కు అలా చట్టంలో మనకు వచ్చింది. కానీ దాన్ని వాడుకోవాలంటే చేతిలో బిల్లు ఉండాలి, లాట్ నంబరు ఉన్న ప్యాకెట్టు దాచుకోవాలి. ఉద్దెరకు తెచ్చుకున్నవాడికి దొరికేది తెల్లచిట్టీ మీద రాసిచ్చిన లెక్క. డీలరు దస్త్రంలో బాకీ ఉంటుంది, మన చేతిలో బిల్లు ఉండదు. బిల్లు అడగాలని అందరికీ తెలుసు. వచ్చే నెల పురుగుమందుకు మళ్లీ ఆ గల్లా ముందే నిలబడాలి కాబట్టి అడగరు.

లోపలికి వచ్చేవి అనే గడిలో విత్తనం, ఎరువు, మందు, కరెంటు అని రాసి ఊరుకోవడం పెద్ద పొరపాటు. అన్నిటికంటే ముందు లోపలికి వచ్చేది డబ్బు. ఎక్కడి నుంచి వచ్చింది, ఏ వడ్డీకి వచ్చింది, ఎప్పుడు తిరిగి కట్టాలి అనేది మొదటి గడిలోనే రాయాలి. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల వరకు పంటరుణం 7 శాతానికి వస్తుంది, గడువులో కడితే 4 శాతమే పడుతుంది. ఏడాదికి 4 శాతం. ఇంతకంటే చవకైన ఇన్‌పుట్ మన వ్యవసాయంలో ఇంకోటి లేదు. పట్టా ఉన్నవాడికి కూడా వానలు పడే వేళకు అది చేతికందడం ఒక యుద్ధం. పట్టా లేని కౌలురైతుకు చాలాచోట్ల ఆ తలుపే తెరుచుకోదు. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో వచ్చిన సాగుదారుల చట్టం ప్రకారం రుణార్హత కార్డులు ఇవ్వాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద సాగుహక్కు పత్రాలు ఇస్తున్నారు. కార్డు వచ్చినా బ్యాంకు అప్పు రానివాళ్లు మన సభ్యుల్లోనే ఎంతమంది! వాళ్లందరికీ మొదటి గడిలో మిగిలే పేరు ఒక్కటే. విత్తనం, ఎరువు, మందు, చేతిఖర్చులకు నగదు అన్నీ ఇచ్చే ఊరి షావుకారు, లేదా మండల కేంద్రంలోని ఎరువుల దుకాణం.

నడిమి గడి, అంటే జరిగే పని, శిక్షణ కాగితాల్లో అన్నిటికంటే అందంగా ఉంటుంది. దుక్కి, విత్తు, కలుపు, మందు, ఏరుడు, అమ్మకం అని ఆరు డబ్బాలు, వాటి మధ్య బాణాలు. మనకు తెలిసినదాన్నే మనకు గీసి చూపిస్తారు. అయినా ఒక్కచోట ఆగి చూడదగ్గది ఉంది. ఏరిన రోజు నుంచి కాంటా మీదికి ఎక్కే దాకా.

పత్తి పంటలో రాబడి మీద రైతు చేతిలో నిజంగా ఏమన్నా మిగిలి ఉందంటే ఆ పదీ పదిహేను రోజులే. మంచు ఆరకముందు ఏరితే తేమ పత్తితోనే వస్తుంది. మొదటి ఏరుడు తెల్లపత్తిని, చివరి ఏరుళ్ల గుడ్డిపత్తిని ఒకే కుప్ప పోస్తే మొత్తానికి గుడ్డిపత్తి ధరే పలుకుతుంది. ఎరువుల సంచుల్లో తొక్కితే ప్లాస్టిక్ పోగులు దూదిలో కలిసి నూలు మిల్లు దాకా పోతాయి. ఈ పని మొత్తం చేసేది ఆడవాళ్లు. ఏ పూట ఏరాలి, ఏది విడిగా పెట్టాలి అనేది వాళ్ల చేతుల్లో ఉంది. కానీ కిలోకు ఇంత అని కూలి కట్టినప్పుడు మంచు బరువు కూడా వాళ్లకు కూలే కదా, ఎండ వచ్చేదాకా ఎందుకు ఆగుతారు? ఆగమనాలంటే కూలి లెక్క మార్చాలి. ఎఫ్‌పీఓ శిక్షణలకు పిలిచేది మాత్రం పట్టాదారు మగవాళ్లను. నాణ్యత ఎక్కడ తయారవుతుందో అక్కడి మనిషి పేరు కాగితంలో లేకుండా నాణ్యత గురించి ఎంత మాట్లాడితే ఏం లాభం?

బయటికి వచ్చేవి అనే గడిలో మనం ‘పత్తి’ అని ఒక్క మాట రాస్తాం. కొనేవాడికి అది ఒక్క సరుకు కాదు. క్వింటాలు పత్తిలో సుమారు 33 నుంచి 35 కిలోల దూది, 60 కిలోలకు పైన గింజ. ఆ గింజలో నూనె, పిండిచెక్క. దూది ధర ఒక బజారులో, గింజ ధర ఇంకో బజారులో ఆడతాయి. రెండూ చూసుకుని మిల్లు మన రేటు కడుతుంది. మనం ఒక్క రేటే వింటాం. గింజ ధర పెరిగిన వారంలో మన పత్తికి ఎంత పెరగాలో అడగగలిగిన రైతు ఎంతమంది ఉన్నారు? మన పత్రికలో పత్తి ధరల పక్కనే గింజ ధర, దూది ధర కూడా నెలనెలా వేయాలని నేను ఎప్పటి నుంచో అంటున్నాను. మళ్లీ అంటున్నాను.

తేమ సంగతి లెక్కతో చూద్దాం. 2025-26కు పొడవు పింజ పత్తి మద్దతు ధర 8,110 రూపాయలు. అది 8 శాతం తేమకు. ఆపైన ఒక్కో శాతానికి ధరలో ఒక శాతం, అంటే 81 రూపాయల 10 పైసలు, తగ్గిస్తారు. 12 శాతం ఉంటే చేతికి వచ్చేది 7,785 రూపాయల 60 పైసలు. 12 దాటితే సీసీఐ అసలు కొనదు. అప్పుడు పత్తి బండి మిల్లు గేటు ముందు నిలబడి ఉంటుంది, ట్రాక్టరు కిరాయి పెరుగుతూ ఉంటుంది, గేటు బయట తిరిగే వ్యాపారి ఎంతకు అడిగితే అంతకే ఇచ్చి రావాలి. తేమ కొలిచే మిషను మిల్లులో ఉంది. ఊళ్లో లేదు. బండి కట్టకముందే చూసుకునే వీలు రైతుకు లేనప్పుడు ఆ కొలత అతనికి హెచ్చరిక కాదు, శిక్ష. ఊరికొక తేమ మిషను కొనడానికి ఎఫ్‌పీఓకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇక చివరి గడి. తీసుకునేవాళ్లు. కాగితంలో సీసీఐ, జిన్నింగు మిల్లు, మార్కెట్ యార్డు ఖరీదుదారు, ఊరి వ్యాపారి అని నలుగురిని రాస్తారు. రైతు నలుగురి ధరలూ చూసి ఎక్కువ ఇచ్చేవాడికి అమ్ముకుంటాడని దాని అర్థం. కానీ మొదటి గడిలో డబ్బు ఎవరిదో రాశాం కదా, ఇప్పుడు ఆ పేరు ఇక్కడ వెతకండి. కాగితం చివర కూడా అదే పేరు ఉంటుంది. జూన్‌లో విత్తనాలు ఇచ్చినవాడే డిసెంబరులో పత్తి తీసుకుపోతున్నాడు. కొనుగోలుదారు ఎవరనేది పత్తి పగిలాక తేలడం లేదు, విత్తనం పడిన నాడే తేలిపోతోంది.

ఇందులో పోయేది ఎంతో ఒక ఉదాహరణ వేసుకుందాం. అంకెలు మీ ఊరివి పెట్టుకోండి. వానాకాలం మొదట్లో 40,000 రూపాయల సరుకూ నగదూ తెచ్చుకున్నారనుకుందాం. నూటికి రెండు రూపాయల వడ్డీ. ఆరు నెలలకు 4,800. ఇంతవరకు అందరూ లెక్క వేస్తారు. 12 క్వింటాళ్ల పత్తి అతనికే పోశారు. బయట ధరకంటే క్వింటాలుకు 500 తక్కువ కట్టాడు. అది 6,000. తరుగు పేరుతో క్వింటాలుకు 2 కిలోలు తీశాడు. 24 కిలోలు. క్వింటాలు 7,000 చొప్పున చూసినా 1,680 రూపాయలు. మూడూ కలిపితే 12,480. అంటే 40,000 మీద నెలకు నూటికి 5 రూపాయల 20 పైసలు పడింది. నూటికి రెండు అని చెప్పిన వడ్డీ ఇది. పైగా ఉద్దెర సరుకుకూ నగదు సరుకుకూ ఉండే ధరల తేడా ఇందులో కలపనేలేదు. ఈ 12,480లో 4,800 మాత్రమే అప్పు ఖాతాలో కనబడుతుంది. మిగతాది ధరలోనూ తూకంలోనూ కలిసిపోయి, అప్పు అని ఎవరికీ తోచదు. కాగితాన్ని రెండు చివర్లూ కలిపి చూస్తే తప్ప దొరకదు.

ఇలా కొన్న పత్తి ఆ తర్వాత ఎక్కడికి పోతుందో కూడా చూడాలి. రైతుల పాసుపుస్తకాలతో వ్యాపారులే సీసీఐకి అమ్ముకున్నారన్న ఆరోపణలు సీజను సీజనుకూ వస్తున్నాయి. అది జరిగినచోట మన పత్తి మద్దతు ధరకు అమ్ముడుపోయినట్టే, కాకపోతే మన చేతుల మీదుగా కాదు.

రెండు చివరలా ఒకే పేరు ఉండటమే తప్పా అంటే కాదు. ములుకనూరు చూడండి. 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి చొరవతో మొదలైన ఆ సహకార సంఘం సభ్యులకు అప్పు ఇస్తుంది, ఎరువు విత్తనం ఇస్తుంది, పండిన వడ్లూ పత్తీ కొంటుంది, తన మిల్లుల్లో ఆడిస్తుంది. ఆ ఊరి రైతు ఈ కాగితం నింపితే మొదటి గడిలోనూ చివరి గడిలోనూ సంఘం పేరే ఉంటుంది. తేడా ఎక్కడుందంటే ఆ పేరు గలవాడి దస్త్రాలు నడిమి గడిలో ఉన్న రైతు మహాసభలో తెరిచి చూడగలడు. మిల్లులో మిగిలింది ఎక్కడికి పోయిందో నిలదీయగలడు. పంట తెచ్చి సంఘానికి పోస్తే అప్పు అందులో తీరుతుంది. షావుకారు దగ్గరా అలాగే తీరుతుంది, కానీ అక్కడ దస్త్రం ఆయన ఇంట్లో ఉంటుంది. పాలు పోసే సహకార సంఘాలు బాగా నడిచినచోట కూడా దాణా ఇచ్చేదీ పాలు తీసుకునేదీ ఒకటే.

ఎఫ్‌పీఓలను ఈ కొలతతో కొలవాలి. 2020 ఫిబ్రవరిలో కేంద్రం 10,000 ఎఫ్‌పీఓల పథకం తెచ్చింది. 6,865 కోట్ల కేటాయింపు. ఒక్కో సంస్థకు నిర్వహణ ఖర్చులకు మూడేళ్లలో 18 లక్షల వరకు, వాటా ధనానికి జోడింపుగా సభ్యుడికి 2,000 మించకుండా సంస్థకు 15 లక్షల వరకు ఇస్తారు. ఈ డబ్బుతో చాలా సంస్థలు మొదట చేసే పని ఎరువుల లైసెన్సు తీసుకుని దుకాణం పెట్టడం. అది తప్పని అనను. బస్తా మీద ఎంతో కొంత తగ్గుతుంది, బిల్లు వస్తుంది, కల్తీ భయం తగ్గుతుంది. కానీ సంస్థ నగదుకే అమ్ముతుంది, ఉద్దెర ఇవ్వలేదు, దానికి అంత పెట్టుబడి లేదు. నగదు ఉన్న రైతు దాని దగ్గరికి వస్తాడు. నగదు లేని రైతు పాత గల్లాకే పోతాడు. పంట కూడా పాత గల్లాకే పోతుంది. ఎడమ చివర ఒక గడి మాత్రం మార్చి, అప్పునూ అమ్మకాన్నీ అలాగే వదిలేసిన ఎఫ్‌పీఓ ఊరికి ఇంకో ఎరువుల దుకాణమే అవుతుంది. కొన్నిచోట్ల ఆ పాత గల్లా బంధువులే డైరెక్టర్ల కుర్చీల్లో ఉన్నారు. అక్కడైతే దుకాణం కూడా కొత్తది కాదు.

ఇంత చెప్పాక, ఇదంతా ఊరి షావుకారు మీద నెపం వేసి ప్రభుత్వాన్ని తప్పించడమే కదా అని ఒక మిత్రుడు అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. దానికి జవాబు కూడా ఈ కాగితంలోనే ఉంది, కానీ దాన్ని ఇంకో రెండు గడులు కుడికి పొడిగించాలి. మిల్లుకు అవతల నూలు మిల్లు, దానికవతల బట్టల కంపెనీ, ఎగుమతిదారు. 2025 ఆగస్టు 19న పత్తి దిగుమతి మీద 11 శాతం సుంకాన్ని కేంద్రం ఎత్తేసింది. మొదట సెప్టెంబరు నెలాఖరు దాకా అన్నారు, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. సరిగ్గా మన పత్తి బజారుకు వచ్చే నెలలవి. ఆ కుడిచివర ఉన్నవాళ్లు అడిగారు, వాళ్లకు చవక పత్తి దొరికింది. ఆ లాగుడు గడి గడీ దాటుకుంటూ వచ్చి మన కాంటా మీద పడింది. అదే సీజనులో తెలంగాణలో ఎకరానికి 7 క్వింటాళ్లకు మించి కొనేది లేదని సీసీఐ మొదట షరతు పెట్టింది. కపాస్ కిసాన్ యాప్‌లో స్లాటు దొరికితేనే అమ్మకం అంది. ఎకరానికి పది పండినవాడి మిగతా మూడు క్వింటాళ్లు ఎక్కడికి పోవాలి? షావుకారు దగ్గరికే. పేరు యాప్‌లో ఎక్కని కౌలురైతు మొత్తం పత్తి కూడా అక్కడికే. ఊళ్లో షావుకారు బలం ఊళ్లో పుట్టింది కాదు. ప్రభుత్వం మూసిన ప్రతి గేటూ ఆయనకు ఒక బండి పత్తిని పంపుతోంది.

కాబట్టి ఏ డిమాండు ఎవరి ముందు పెట్టాలో ఈ కాగితం విడదీసి చూపిస్తుంది. సుంకం, మద్దతు ధరకు చట్టం ఢిల్లీ ముందు. కొనుగోలు పరిమితి, స్లాట్లు సీసీఐ ముందు. కౌలురైతు కార్డు, దాంతో బ్యాంకు అప్పు, దాంతోనే సీసీఐ కేంద్రంలో అమ్ముకునే వీలు రాష్ట్రం ముందు, జిల్లా బ్యాంకర్ల సమావేశం ముందు. తరుగు, తెల్లచిట్టీ, అంటగట్టుడు మండలం ముందు. ఇవన్నీ ఒకే వినతిపత్రంలో కలిపి తహసీల్దారుకు ఇచ్చి వచ్చే అలవాటు మనం మానుకోవాలి. ఆయన తీసుకుంటాడు, ఫొటో దిగుతాడు, అక్కడితో సరి.

వచ్చే విత్తనాల లోపు గ్రామ కమిటీలు ఒక పూట కూర్చుని పంటకు ఒక కాగితం చొప్పున నింపాలని నా సూచన. పత్తి ఉన్నచోట పత్తి, మిర్చి ఉన్నచోట మిర్చి. కుడి నుంచి ఎడమకు నింపండి, పోయినేడు ఎవరికి అమ్మారో ఆ పేరుతో మొదలుపెట్టండి. ఏరే ఆడవాళ్లనూ కౌలురైతులనూ పిలవకుండా కూర్చోవద్దు. గడుల కింద రెండు అడ్డ వరుసలు చేర్చండి. ఒకదాంట్లో తేదీలు రాయండి. సరుకు ఎప్పుడు వచ్చింది, డబ్బు ఎప్పుడు వచ్చింది అని. రెండోదాంట్లో ఎంత కోశారో రాయండి. వడ్డీ, తరుగు, తేమ, ధర తేడా. తక్‌పట్టీ ఉన్నవాళ్లు అది తెచ్చుకుంటే లెక్క తొందరగా తేలుతుంది. లేనివాళ్లు ఎందుకు లేదో రాయండి. పేర్లు బయటపెట్టడం ఇబ్బంది అనుకుంటే షావుకారు ఒకటి, షావుకారు రెండు అని అంకెలు వేసుకోండి, రెండు చివరలా ఒకే మనిషికి ఒకే అంకె ఉంటే చాలు. రెండు చివరలా ఒకే అంకె పడిన కాగితాలు ఊరికి ఎన్ని తేలాయో లెక్కపెట్టి, కాగితాలతో సహా జిల్లా కమిటీకి పంపండి. పంటరుణాల మీద బ్యాంకర్లతో మాట్లాడటానికి వెళ్లేటప్పుడు ఆ కట్ట వెంట తీసుకుపోదాం.